తేలిక పతకాలు అనే తప్పుడు లెక్క

పారాలింపిక్స్‌లో పతకాలు తేలిగ్గా వస్తాయన్న మాట విశాఖలో తరచుగా వినిపిస్తోంది. బీచ్ రోడ్డులో పొద్దుటి నడకకు వచ్చేవాళ్లు అంటారు. ఉక్కునగరంలో పిల్లల్ని మైదానానికి తీసుకొచ్చే తండ్రులు అంటారు. ఆటల సంగతి బాగా తెలిసినవాళ్లు కూడా అంటారు. వాళ్లలో ఎక్కువమందికి వికలాంగులంటే చిన్నచూపు లేదు. తాము లెక్క చూసి మాట్లాడుతున్నామనే అనుకుంటారు.

ఆ లెక్క ఇది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశం 117 మందిని పంపింది. వచ్చినవి ఆరు పతకాలు, స్వర్ణం ఒక్కటీ లేదు. కొద్ది రోజులకే అదే నగరంలో జరిగిన పారాలింపిక్స్‌కు 84 మంది వెళ్లి 29 పతకాలు తెచ్చారు, అందులో ఏడు స్వర్ణాలు. ఒలింపిక్స్‌లో పతకం ఇచ్చే పోటీలు 329, పారాలింపిక్స్‌లో 549. ఒలింపిక్స్‌లో దాదాపు 10,500 మంది పోటీపడితే, పారాలింపిక్స్‌లో సుమారు 4,400 మంది. అంటే పతకాలు ఎక్కువ, పోటీదారులు తక్కువ. ఒకే షాట్‌పుట్‌ను శరీరాన్ని బట్టి ఇన్నిన్ని విభాగాలుగా చీలిస్తే ప్రతివాడికీ ఏదో ఒకటి దొరుకుతుంది. కాబట్టి చప్పట్లు కొడదాం గానీ ఒలింపిక్ పతకంతో సమానమని అనొద్దు, సమానంగా డబ్బూ ఇవ్వొద్దు అన్నది వాళ్ల ముగింపు.

వాదనను దాని పూర్తి బలంతోనే పెట్టాను. అంకెలన్నీ నిజం, వాటి నుంచి లాగిన తీర్పు అబద్ధం. ఎందుకు అబద్ధమో చెప్పడానికి ఇద్దరు తెలుగు క్రీడాకారుల్ని ముందు పెడతాను. ఒకరు ఉమ్మడి విశాఖ జిల్లాలో భాగంగా ఉండి 2022లో విడిపోయిన అనకాపల్లి ప్రాంతం నుంచి వచ్చిన షాట్‌పుట్ క్రీడాకారుడు రొంగలి రవి. మరొకరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన 400 మీటర్ల పరుగు క్రీడాకారిణి జీవాంజి దీప్తి.

1. పోటీకి ఎనిమిది మందే అన్న లెక్క

4,400ను 549తో భాగిస్తే ఎనిమిది. 10,500ను 329తో భాగిస్తే దాదాపు 32. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, పారాలో పోటీ నాలుగో వంతేనని తేల్చేస్తారు. కానీ ఒలింపిక్స్ సగటులో హాకీ, ఫుట్‌బాల్, వాలీబాల్ వంటి జట్టు ఆటలున్నాయి. అక్కడ వందల మంది ఒకే స్వర్ణం కోసం ఆడతారు, సగటు పైకి లేస్తుంది. ఆ ఆటల్ని పక్కన పెట్టి చూస్తే, ఒలింపిక్స్ షాట్‌పుట్ ఫైనల్లోనూ పోటీపడేది పన్నెండు మందే, 400 మీటర్ల ఫైనల్లో పరుగెత్తేదీ ఎనిమిది మందే. ఫైనల్లో ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి ఆ పతకం తేలికని అక్కడ ఎవరూ అనరు.

అసలు తప్పు ఇంకొకటుంది. పారాలింపిక్స్‌లో 4,400 అన్నది నిర్వాహకులు ముందే గీసిన హద్దు. ప్రపంచంలో పారా అథ్లెట్లు అంతమందే ఉన్నారని దాని అర్థం కాదు. దేశాలకు కోటా ఉంటుంది, కనీస ప్రమాణం ఉంటుంది, ర్యాంకు ఉంటుంది. ఆ జల్లెడలన్నీ దాటినవాళ్లే పారిస్ విమానం ఎక్కారు. చాలినంత మంది, చాలినన్ని దేశాలు లేని విభాగాన్ని కార్యక్రమంలోంచి తీసేస్తారు, లేదా పక్క విభాగంతో కలిపేస్తారు. కొన్ని విభాగాల్లో పోటీదారుల సంఖ్య చిన్నదే, దాన్ని నేను దాచను. సంఖ్య చిన్నదైతే స్థాయి కూడా చిన్నదే అవుతుందన్న మెట్టు మాత్రం ఎవరూ రుజువు చేయలేదు. ఆ మెట్టు మీదే వాదనంతా నిలబడి ఉంది.

రవి సంగతే చూడండి. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో, ఎత్తు బాగా తక్కువున్నవాళ్ల ఎఫ్40 విభాగం షాట్‌పుట్‌లో 9.92 మీటర్లు విసిరి రజతం తెచ్చాడు. ఏడాది తిరక్కుండా పారిస్‌లో 10.63 మీటర్లు విసిరాడు. అంతకుముందు అతను ఎన్నడూ అంత దూరం విసరలేదు. హాంగ్‌ఝౌ దూరం మీద 71 సెంటీమీటర్లు ఎక్కువ. షాట్‌పుట్‌లో ఏడాదికి పది, ఇరవై సెంటీమీటర్లు కలుపుకోవడానికి ఎంత చెమటోడ్చాలో ఏ కోచ్‌నైనా అడగండి. అప్పటికి తన అత్యుత్తమ విసురును ప్రపంచంలోని అతి పెద్ద వేదిక మీద విసిరితే అతనికి దక్కింది అయిదో స్థానం. పోర్చుగల్‌కు చెందిన మిగెల్ మోంటెరో 11.21 మీటర్లతో స్వర్ణం, మంగోలియా క్రీడాకారుడు రజతం, ఇరాక్ క్రీడాకారుడు 11.03తో కాంస్యం తీసుకెళ్లారు. పతకాలు తేలిగ్గా దొరికే చోట, ఒక మనిషి తన శక్తినంతా పెట్టి తన రికార్డును తానే దాటాక ఉత్తచేతులతో ఎందుకు రావాలి? తేలిక అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

2. విభాగాలుగా చీల్చడం మనకు కొత్తా?

2000 సెప్టెంబరులో సిడ్నీలో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. పోటీపడింది 69 కిలోల విభాగంలో. అంతకంటే బరువైన విభాగాల్లోని లిఫ్టర్లతో ఆమె తలపడలేదు. ఉత్తరాంధ్రలో ఒక్కరైనా, ఆ కాంస్యం ఒక చిన్న విభాగంలో వచ్చింది కాబట్టి అంత విలువ లేదని అన్నారా? వెయిట్‌లిఫ్టింగ్, బాక్సింగ్, కుస్తీ, జూడో అన్నీ శరీరాన్ని బట్టి చీలినవే. ఆడవాళ్లనూ మగవాళ్లనూ వేరుగా పోటీ పెట్టడమూ శరీరాన్ని బట్టి చీల్చడమే. ఆ చీలికను న్యాయమన్నవాళ్లు, ఎత్తును బట్టి, చేతి పొడవును బట్టి చేస్తే అన్యాయమంటున్నారు. రెండింటికీ తేడా ఏమిటో మాత్రం చెప్పరు. మొదటిదానికి అలవాటు పడ్డాం, రెండోదానికి పడలేదు. మన అలవాటు లేమిని క్రీడాకారుల లోపంగా చూపడం సరికాదు.

3. గుండు బరువు నాలుగు కిలోలే అన్న ఎత్తిపొడుపు

ఎఫ్40 పురుషులు విసిరే గుండు నాలుగు కిలోలు. సాధారణ పోటీల్లో మగవాళ్లది 7.26 కిలోలు, ఆడవాళ్లది నాలుగు. ఆడవాళ్ల గుండు విసిరి పది మీటర్లు దాటితే గొప్పేమిటని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎఫ్40 అంటే ఏమిటో ఒక్కసారి చదవాలి.

ఆ విభాగంలో పోటీపడాలంటే పురుషుడి ఎత్తు 130 సెంటీమీటర్లు మించకూడదు. చేతి పొడవు 59 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తు, చేతి పొడవు కలిపితే 180 లోపే ఉండాలి. ఇవన్నీ అధికారులు కొలిచి చూస్తారు. కొలతలు అంతకు మించినవాడు పక్కనున్న ఎఫ్41కు వెళ్తాడు, లేదా మొత్తానికే అర్హత కోల్పోతాడు.

ఇప్పుడు విసురు సంగతి. గుండు ఎంత దూరం పోతుందో మూడు విషయాలు నిర్ణయిస్తాయి: చేతి నుంచి విడివడే వేగం, కోణం, విడిచే ఎత్తు. ఆరడుగులు దాటిన క్రీడాకారుడి చేతి నుంచి గుండు రెండు మీటర్ల పైనుంచి బయల్దేరుతుంది. 130 సెంటీమీటర్ల మనిషి ఎంత సాగినా దానికి చాలా కిందనే విడవాలి. అంటే గుండు గాల్లో ఉండే సమయం మొదటే తగ్గిపోయింది. కోణాన్ని సాధనతో దిద్దుకోవచ్చు. మిగిలింది వేగం. వేగం పుట్టేది గుండును మెడ దగ్గర నుంచి చేయి పూర్తిగా చాచేవరకు నెట్టుకుంటూ పోయే దారిలో. పొడవైన చేతికి ఆ దారి పొడవు, పొట్టి చేతికి పొట్టి. అంటే అదే వేగం రావాలంటే ఇంకా తక్కువ జాగాలో ఇంకా ఎక్కువ బలం పేల్చాలి. మరుగుజ్జుతనంలో తరచుగా కనిపించే రకంలో మోచేయి పూర్తిగా చాపడం కూడా కష్టం. అరచేయి చిన్నది, వేళ్లు పొట్టి. గుండు మాత్రం చేతికి తగ్గట్టు కుంచించుకుపోదు. కాళ్లు పొట్టివైతే వెనక నుంచి ముందుకు జారుతూ ఊపు తెచ్చుకునే అంగలూ పొట్టివే. వలయం వ్యాసం మాత్రం అందరికీ 2.135 మీటర్లే.

తన ఎత్తుకు ఎనిమిది రెట్లు దాటిన దూరం రవి విసిరింది. ఈ పోలికతో అతను ఒలింపిక్ ఛాంపియన్ కంటే గొప్పని నేననడం లేదు. శరీరాలు వేరైనప్పుడు మీటర్ల అంకెను మీటర్ల అంకె పక్కన పెట్టి తీర్పు చెప్పడం కుదరదంటున్నాను. నాలుగు కిలోల గుండు అనే మాటలో ఉన్న తప్పంతా ఇదే. గుండును తూచారు, విసిరే చేతిని కొలవలేదు.

4. చూడ్డానికి బాగానే ఉంది కదా అన్న అనుమానం

రవి విషయంలో కనీసం వైకల్యం కంటికి కనిపిస్తుంది. దీప్తి విషయంలో అదీ లేదు. రెండు కాళ్లు, రెండు చేతులు, చూపు అన్నీ బాగానే ఉన్నాయి, మరి పారా ఏమిటని అడిగేవాళ్లు లెక్కలేనంత మంది. ఈ అనుమానం అన్నిటికంటే క్రూరమైనది, అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

దీప్తి 2003లో కల్లెడలో ఒక కూలీ కుటుంబంలో పుట్టింది. చిన్నప్పటి నుంచే అర్థం చేసుకోవడం, మాట్లాడటం నెమ్మది. ఊళ్లో పిల్లలూ పెద్దలూ పిచ్చిదన్నారని, ఆమెను అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చారని తల్లిదండ్రులే పత్రికలకు చెప్పారు. కుటుంబం కష్టకాలంలో అర ఎకరం భూమి అమ్ముకుంది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగు గమనించాడు. ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ నాగపురి రమేశ్ ఒక పోటీలో చూసి హైదరాబాద్ పంపమన్నాడు. బస్సు చార్జీలకే కటకటలాడిన ఇల్లు అది. మొదట ఆమె సాధారణ పోటీల్లోనే పరుగెత్తింది. పారా విభాగానికి పరీక్షలు చేయించమని సూచించింది బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో మేధో వైకల్య పరీక్షలు జరిగాకే ఆమె, ఆ వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించిన టీ20 విభాగంలోకి వచ్చింది.

బాల్యమంతా ఊరు ఈమెకు తెలివి లేదంది. పతకం వచ్చాక లోకం ఈమెకు ఏ లోపమూ లేదంటోంది. రెండూ నిజం కాలేవు. చిన్నప్పుడు వైకల్యాన్ని అడ్డం పెట్టి అవకాశం కాదన్నారు, పెద్దయ్యాక అదే వైకల్యాన్ని కాదని పతకం విలువ తగ్గిస్తున్నారు. ఈ రెండు నోళ్ల మధ్య మేధో వైకల్యం ఉన్న పిల్లకు నిలబడే చోటు ఎక్కడుంది?

టీ20కి అర్హత కంటిచూపుతో తేల్చేది కాదు. ఐక్యూ 75 లేదా అంతకు తక్కువ ఉండాలి. రోజువారీ పనుల్లో, కలివిడితనంలో పరిమితులున్నాయని తేలాలి. ఆ స్థితి ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఇవన్నీ అయ్యాక ఆ ఆటలో ఆలోచన ఎంతవరకు ప్రభావం చూపుతుందో వేరే పరీక్షలు పెడతారు. మన దగ్గర సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య శాతం కాగితం చూపిస్తే అక్కడ పని జరగదు.

పరుగుకు బుర్రతో పనేముందని అడిగేవాళ్లు 400 మీటర్లు ఎప్పుడూ శ్రద్ధగా చూసి ఉండరు. అది గుడ్డిగా పరుగెత్తే పోటీ కాదు. మొదటి రెండొందల మీటర్లలో బలమంతా ఖర్చు చేస్తే చివరి వందలో కాళ్లు బిగుసుకుపోతాయి. దాచుకుంటే ముందున్నవాళ్లు అందరు. ఎవరి గీతలో వాళ్లే పరుగెత్తాలి, మెట్లమెట్లుగా నిలబెట్టి వదులుతారు, బయటి గీతలో ఉన్నవాళ్లకు మలుపు తిరిగేవరకు వెనకవాళ్లు కనబడరు. ఎంత వేగంతో పోతున్నానో, ఇంకా ఎంత మిగిలిందో ఒంట్లోనే లెక్క కట్టుకుంటూ పోవాలి. మేధో వైకల్యం దెబ్బ కొట్టేది సరిగ్గా ఆ లెక్క మీదే.

ఇక పోటీ సంగతి. 2023లో హాంగ్‌ఝౌలో దీప్తి స్వర్ణం గెలిచింది. 2024 మే 20న జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సృష్టించింది. అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12ను దాటింది. నాలుగు నెలలు తిరక్కముందే పారిస్ హీట్స్‌లో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండర్ ఆ రికార్డును 54.96కు దించింది. సెప్టెంబరు 3న ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షులియర్ 55.16తో ఒండర్‌నూ వెనక్కి నెట్టింది. దీప్తి 55.82తో మూడో స్థానం. మేధో వైకల్యం విభాగంలో మన దేశానికి వచ్చిన తొలి పారాలింపిక్ పతకం అది. 2025లో ఢిల్లీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దీప్తి 55.16లో పరుగు ముగించింది. పారిస్‌లో స్వర్ణం తెచ్చిపెట్టిన సమయం సరిగ్గా అదే. ఏడాది తిరిగేసరికి ఆ సమయానికి దక్కింది రజతం. ప్రపంచ రికార్డు నాలుగు నెలలు నిలవని చోట, స్వర్ణం తెచ్చిన సమయం మరుసటి ఏడాదికే చాలని చోట పోటీ లేదని ఎలా అంటారు?

మోసాలు జరిగాయి కదా అంటారు. జరిగాయి. 2000 సిడ్నీలో స్పెయిన్ మేధో వైకల్య బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని పన్నెండు మందిలో పది మందికి అసలు వైకల్యమే లేదని తర్వాత బయటపడింది. పతకం వెనక్కి పోయింది. అక్కడితో ఆగలేదు. మేధో వైకల్య పోటీలన్నిటినీ ఏథెన్స్, బీజింగ్ పారాలింపిక్స్ నుంచి తప్పించారు, 2012 లండన్‌లో గాని మళ్లీ రానివ్వలేదు. మన దేశానిదే ఇంకో ఉదాహరణ: టోక్యోలో డిస్కస్ త్రోలో కాంస్యం గెలిచిన వినోద్ కుమార్ ఆ విభాగానికి అర్హుడు కాదని అధికారులు తేల్చారు, పతకం పోయింది. అనుమానించేవాళ్లు ఈ ఘటనల్ని తమ వైపు సాక్ష్యంగా చూపుతారు. నాకు అవి వాళ్లకు ఎదురు సాక్ష్యంగానే కనిపిస్తాయి. గెలిచినవాడి పతకాన్ని మర్నాడే లాక్కునే వ్యవస్థను ఉదారమైనదని అనలేం. స్పెయిన్ చేసిన తప్పుకు పన్నెండేళ్లు శిక్ష అనుభవించింది ప్రపంచమంతటా ఉన్న నిజమైన మేధో వైకల్య క్రీడాకారులు.

5. తేలికైతే ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?

ఈ ఒక్క ప్రశ్నతో వాదన కూలిపోతుంది. మన దేశం 1968లో తొలిసారి పారాలింపిక్స్‌కు వెళ్లింది. యుద్ధంలో తూటాలు తగిలిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో తొలి స్వర్ణం తెచ్చాడు. 2016 రియో వరకు, అంటే దాదాపు అర్ధ శతాబ్దంలో వచ్చినవి మొత్తం 12 పతకాలు. తర్వాత టోక్యోలో 19, పారిస్‌లో 29. విభాగాలు 1968లోనూ ఉన్నాయి. 1988లోనూ ఉన్నాయి. పతకాలు అప్పుడు లేవు. మారింది కోచింగ్, శిబిరాలు, విదేశీ పోటీలకు పంపడం, నెలనెలా అందే సాయం. అవి చేతికొచ్చాక ఫలితం వచ్చింది. ఒలింపిక్ ఆటలకూ ఇదే సూత్రం వర్తిస్తుందని అందరూ ఒప్పుకుంటారు.

6. సమాన నజరానా ఎందుకన్న మాట

పారిస్ పారాలింపిక్స్ విజేతలకు కేంద్రం స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30 లక్షల రూపాయలు ఇచ్చింది. దీప్తికి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఇది ఎక్కువంటారు. ఈ డబ్బు పతకం తర్వాత వచ్చింది. పరీక్షలు, ప్రయాణాలు, తిండి, బూట్లు, అన్ని ఖర్చులూ పతకం ముందువి. ఆ రోజుల్లో భూమి అమ్ముకున్న ఇల్లు అది, ఆసియా పారా క్రీడల్లో గెలిచాక వచ్చిన డబ్బుతో ఆ భూమినే తిరిగి కొనుక్కున్నారు. అయిదో స్థానంలో ఆగినవాడి ఖర్చూ మొదటి స్థానంలో నిలిచినవాడి ఖర్చంతే. సమాన నజరానా దయ కాదు, ఆ ఖర్చులో కొంత ఆలస్యంగా తిరిగి రావడం.

7. సంకల్పం ఉంటే చాలన్న పొగడ్త

తేలిక అనే మాటకు ఒక తోబుట్టువుంది, దాన్ని అందరూ మంచిదనుకుంటారు. వైకల్యం మనసులోనే ఉంటుంది, సంకల్పం ఉంటే చాలు, ఏ అడ్డూ నిలవదు అని సన్మాన సభల్లో వినిపించే మాట అది. మొదటిది పతకాన్ని తగ్గిస్తుంది, రెండోది అడ్డంకుల్ని మాయం చేస్తుంది. చివరకు రెండూ చేసే పని ఒకటే, ఖర్చు పెట్టాల్సినవాళ్లను ఖర్చు నుంచి తప్పిస్తాయి. తేలికైతే శిక్షణ అక్కర్లేదు, సంకల్పమే చాలితే మైదానమూ అక్కర్లేదు.

ఆ ఖర్చు ఎవరి బాధ్యతో చట్టాన్ని అడుగుదాం. 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల జాబితాలో మరుగుజ్జుతనం పేరు లేదు. 2016 చట్టం వచ్చి జాబితాను 21కి పెంచాకే దానికి చోటు దొరికింది. ఆ చట్టంలోని 30వ సెక్షన్ వికలాంగులకు క్రీడా సౌకర్యాలు సమానంగా అందేలా చూడటం ప్రభుత్వాల బాధ్యతని చెప్పింది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో సామాజిక బాధ్యత నిధుల్ని పెట్టదగిన పనుల్లో ఒలింపిక్ క్రీడల పక్కనే పారాలింపిక్ క్రీడల పేరూ ఉంది. చట్టానికి లేని తేడాను మనం మాటల్లో పుట్టిస్తున్నాం.

తేలిక అన్న మాట నష్టం చేసేది పారిస్ దాకా వెళ్లినవాళ్లకు మాత్రమే కాదు. అంతకంటే ఎక్కువగా బళ్లలో ఉన్న పిల్లలకు చేస్తుంది. ఆటల పీరియడ్‌లో ఎత్తు పెరగని కుర్రాణ్ణి స్కోరు రాయడానికి కూర్చోబెడతారు. నెమ్మదిగా అర్థం చేసుకునే అమ్మాయిని తరగతి గదికి కాపలా పెడతారు. దీప్తిని ఒక బడి మాస్టారు అలా కూర్చోబెట్టి ఉంటే కోబే రికార్డు ఉండేది కాదు.

విశాఖలో ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, నౌకాదళం, రైల్వే డివిజన్, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నాయి. వీటికి మైదానాలున్నాయి, స్పోర్ట్స్ సిబ్బంది ఉన్నారు, కొన్నింటికి ఖర్చు పెట్టి తీరాల్సిన నిధులూ ఉన్నాయి. ఎఫ్40 కుర్రాడికి సాధన మొదలుపెట్టడానికి కావలసింది ఒక సిమెంటు వలయం, చిన్న గుండ్లు రెండు మూడు, ఒక టేపు, విభాగాల నియమాలు చదివిన ఒక పీఈటీ. మైదానం దాకా అతను ఎక్కగలిగిన బస్సు కూడా కావాలి. మండల, జిల్లా స్థాయి స్కూల్ గేమ్స్‌లో సాధారణ పోటీల పక్కనే, అదే రోజు, అదే మైదానంలో పారా పోటీలూ పెట్టాలి. వేరే తేదీన, వేరే చోట, పళ్లు పంచే కార్యక్రమంలా పెట్టకూడదు. విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లోనూ అలాగే జరగాలి.

లాస్ ఏంజెలిస్ పారాలింపిక్స్ 2028 ఆగస్టులో. నజరానా ఎంత ఉండాలన్న చర్చ పతకం వచ్చాక చేసుకోవచ్చు. ఇప్పుడు అడగవలసింది మన జిల్లా స్కూల్ గేమ్స్ పట్టికలో ఎఫ్40, ఎఫ్41, టీ20 ఉన్నాయా అని. లేకపోతే ఎందుకు లేవో జిల్లా క్రీడాధికారి, జిల్లా విద్యాశాఖాధికారి ఇద్దరూ రాతపూర్వకంగా చెప్పాలి.